చక్రాల మీద చాకిరేవు

ఇంటి ముందు ఒక మోటారు వ్యాను వచ్చి ఆగుతుంది. వెనుక తలుపు తెరిచి ఇద్దరు పనివాళ్లు రెండు పొడుగాటి గొట్టాలను లోపలికి లాగుకొని పోతారు. వ్యానులో ఇంజను మోగుతూనే ఉంటుంది. గంట రెండు గంటలలో ఆ ఇంటి తివాచీలన్నీ, పరచినవి పరచినట్లే ఉండి, ఉతికిన బట్టల వలె తేటపడతాయి. అమెరికా వంటి దేశాలలో ఇది నిత్యమూ జరిగే పని. మన దేశపు నగరాలలో కూడా తివాచీలను, సోఫాలను యంత్రసహాయంతో శుభ్రపరచే వృత్తి వ్యాపించినది. అయితే ఇక్కడి పనివాళ్లు సాధారణంగా చేతితో మోసుకొని వచ్చే చిన్న యంత్రాలనే వాడుతున్నారు. ఆ పెద్ద బండియంత్రం నల్లగొండ, మహబూబునగరు జిల్లాల వంటి మెట్టసీమకు ఏ మేరకు పనికివస్తుంది, పనికివచ్చే పక్షాన దానిని ఎవరి చేతిలో పెట్టవలెను అన్నదే నేటి ప్రసంగ విషయం. జిల్లాలు అన్నప్పుడు 2016కు పూర్వపు ఉమ్మడి జిల్లాలనే ఉద్దేశిస్తున్నాను. సూర్యాపేట, భువనగిరి, వనపర్తి, గద్వాల, నాగరుకర్నూలు, నారాయణపేట అన్నీ అందులో చేరినవే.

ముందుగా యంత్రం మాట. వ్యానులో ఒక ఇంజను, ఒక నీటితొట్టి, నీటిని తోసే పంపు, దానిని కాచే సాధనం, గాలిని గుంజే బలమైన పంకా, మురికినీటికి వేరొక తొట్టి ఉంటాయి. నీటిని కాచడానికి కొన్ని బండ్లలో ప్రత్యేకంగా పొయ్యి ఉంటుంది. మరికొన్నింటిలో ఇంజను పొగలోని వేడిమిని, ఇంజనును చల్లార్చే నీటి వేడిమిని వృథాపోనీయక దీనికే వాడుకుంటారు. సన్నని గొట్టంలో వేడినీరు, దానితో కొద్దిపాటి మందు వెళుతుంది. లావుపాటి గొట్టం పీల్చడానికి. రెండూ కలిసేచోట వంకర తిరిగిన లోహపు చేతికర్ర ఉంటుంది. పనివాడు మీట నొక్కినప్పుడు చదరపు అంగుళానికి 200 మొదలు 500 పౌనుల ఒత్తిడితో నీరు తివాచీ కుచ్చులలోనికి చిమ్ముతుంది. చిమ్మిన మరుక్షణమే పక్కనున్న చీలిక ఆ నీటిని, అందులో కరగిన మురికిని కలిపి వెనుకకు గుంజుతుంది. తడి పడడము, తడి తీయడము ఒక్క చేతివాటులో జరిగిపోతాయి.

ఈ పద్ధతిని లోకులు ఆవిరి శుభ్రత అంటారు. ఆ పేరు సరియైనది కాదు. అక్కడ పనిచేసేది ఆవిరి కాదు, వేడినీరు. ఆ నీటికంటె కూడా ఎక్కువగా పనిచేసేది పీల్పు. వేడినీళ్లు ఎవరైనా పోయగలరు. పోసిన నీటిని తివాచీ అడుగుదాకా పోనీయకుండా మళ్లీ పైకి తీయగలగడంలోనే ఈ యంత్రపు ఘనత అంతా ఉన్నది. ఈ ఒక్క మాట శ్రోతలు గుర్తుంచుకొనగోరుతాను. తరువాత చెప్పబోయేది దీనిమీదనే ఆధారపడి ఉన్నది.

బండిమీద యంత్రమును పెట్టి ఇంటింటికీ తిప్పడం ఈనాటి కొత్త ఊహ కాదు. 1901లో లండను నగరంలో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు దుమ్మును పీల్చే యంత్రానికి పేటెంటు పొందినాడు. అంతకు ముందు అతడు గాలిని ఊది దుమ్మును లేపే ఒక యంత్రపు ప్రదర్శనను చూచినాడట. లేచిన దుమ్ము మళ్లీ అక్కడే పడుతున్నది గదా, ఊదేబదులు పీలిస్తే ఏమి అని అతనికి తోచినది. ఒక భోజనశాలలో కుర్చీమీద చేతిరుమాలు పరచి, నోటితో గట్టిగా పీల్చి, రుమాలు వెనుకవైపు అంటిన మసిని చూచి తన ఊహ నిజమని నిశ్చయించుకొన్నాడు. అతని యంత్రం ఇంటిలో పట్టేది కాదు. గుర్రాలు లాగే బండిమీద పెట్రోలు ఇంజనుతో వీధిలోనే నిలిచేది. గొట్టాలు కిటికీలగుండా ఇళ్లలోనికి పోయేవి. 1902లో ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకానికి ముందు వెస్ట్‌మినిస్టర్ అబీలోని తివాచీని శుభ్రపరచినది ఈ యంత్రమే. దాని రొదకు వీధిలోని గుర్రాలు బెదరుతున్నవని బండివాళ్లు వ్యాజ్యాలకు కూడా దిగినారు. బూత్ యంత్రం నీటిని వాడలేదు, దుమ్మునే పీల్చినది. అయినా నేటి వ్యాను దాని మనుమరాలే.

వేడినీటి బండి అమెరికాలో ఎందుకు వర్ధిల్లినదో తెలిసికొంటే మన సంగతి తేలికగా తేలుతుంది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత జార్జియా రాష్ట్రంలోని డాల్టన్ పట్టణం చుట్టూ తివాచీల మిల్లులు పెరిగినవి. కృత్రిమ దారంతో, యంత్రాలపైన, చవకగా తివాచీలు తయారైనవి. గోడనుంచి గోడదాకా గది కొలతకు కోసి, నేలకు బిగించి పరచడం అక్కడ సామాన్య గృహస్థునికి కూడా అలవాటైనది. అటువంటి తివాచీని చుట్టి రేవుకు మోయడం అసాధ్యం. తివాచీ కదలదు గనుక రేవే కదిలి ఇంటికి రావలసి వచ్చినది. ఆ బండికి చక్రాలు వచ్చిన కారణం ఇంతే.

మన జిల్లాలలో పరిస్థితి దీనికి తలక్రిందులు. ఇక్కడ పరపు అనేది చుట్టదగినది, మడవదగినది. పెండ్లికి పరుస్తారు, పెండ్లి కాగానే చుట్టి అటకమీద పెడతారు. వరంగల్లు కొత్తవాడ నేతగాళ్ల జంపఖానాలు ఈ సీమలో బడులకు, భజనమందిరాలకు, సభలకు చిరకాలంగా ఎరుకైనవి. వాటికి 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. మసీదులలో నమాజు వరుసలకు పరచే పొడుగాటి తివాచీలు ఉన్నవి. ఫంక్షను హాళ్లలో వేదికనుంచి వాకిలిదాకా పరచే ఎర్రపట్టీలు ఉన్నవి. సంపన్నుల ఇళ్లలో నాలుగు మూరల రంగు తివాచీలు ఉన్నవి. ఇవన్నీ కదిలేవే. కదలనివి ఏవి అంటే సినిమాహాళ్లు, పెద్ద హోటళ్లు, బ్యాంకులు, కొన్ని సమావేశ మందిరాలలో నేలకు అతికించినవి మాత్రమే. కనుక బండియంత్రానికి మన పట్టణాలలో దొరికే అసలైన పని స్వల్పం. దానిలోని పీల్చే శక్తికి మాత్రం కావలసినంత పని ఉన్నది. ఈ రెంటినీ వేరుచేసి చూడనివారు, పొరుగు దేశపు అవసరాన్ని కొని తెచ్చుకొని, తమ అవసరాన్ని అలాగే ఉంచుకొంటారు.

గొంగడిని ఈ లెక్కలో చేర్చడం లేదు. కురుమలు దక్కని గొర్రెల నల్ల ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించి బిగువు తెచ్చే ఆ గొంగడికి వేడినీరు పరమశత్రువు. దులిపి ఎండలో వేస్తే చాలును. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్లు అని ఊరకనే అన్నారా! దాని స్వభావమే అది.

ఇక మన మురికి ఎటువంటిది? తివాచీలలో చేరే మురికిలో బహుభాగం పొడిది. తడితో గాని, జిడ్డుతో గాని సంబంధం లేనిది. ఈ మాట ఏ దేశానికైనా వర్తిస్తుంది గాని, మనకు రెండింతలు వర్తిస్తుంది. నల్లగొండ, పాలమూరు నేలలో ఎర్రచల్కలే అధికం. గ్రానైటు రాయి యుగాల తరబడి శిథిలమై ఏర్పడిన దుబ్బ అది. అందులోని ఇసుకరేణువు కంటికి కనబడనంత చిన్నదైనా దాని అంచు గాజుపెంకు వలె పదునుగా ఉంటుంది. ఆ రేణువు తివాచీ కుచ్చు మొదట చేరి, పైన అడుగుపడినప్పుడల్లా నూలును కొంచెం కొంచెంగా కోస్తుంది. వాకిలి దగ్గర తివాచీ ముందుగా బట్టతల పట్టడానికి కారణం నడక కాదు, నడకతో వచ్చిన దుబ్బ. దానిని తీయకుండా నీరు చిమ్మితే దుబ్బ కాస్తా బురద అవుతుంది. చల్కలోని ఇనుపపు ఎరుపు తడితో లోపలికి దిగి మరకగా నిలిచిపోతుంది. కనుక ఎంత గొప్ప వ్యాను వచ్చినా, నీరు తాకకముందు తివాచీని బోర్లించి వెనుకనుంచి తట్టి, తరువాత పొడి యంత్రంతో రెండువైపులా పీల్చవలెను. ఈ పనిని వదలి నేరుగా గొట్టం పట్టేవానిని ఇంటివారు ఆపినా తప్పులేదు.

తరువాత నీరు. వానలు తక్కువైన సీమ ఇది. బోరునీరు లోతునుంచి వస్తుంది, చాలచోట్ల ఉప్పదనం, కాఠిన్యం ఎక్కువ. నల్లగొండ నీరు అనగానే అందరికీ ఫ్లోరైడు గుర్తుకు వస్తుంది. ఆ నీటిలోని ఫ్లోరైడును పటికతోను, సున్నంతోను తొలగించే పద్ధతికి నాగపూరు పరిశోధనాలయంవారు 1970ల దశకంలో నల్లగొండ పేరే పెట్టినారు. కాని యంత్రానికి ఫ్లోరైడుతో పని లేదు. ఫ్లోరైడు మనిషి ఎముకను పట్టుతుంది. యంత్రపు గొట్టాన్ని పట్టేది నీటిలోని సున్నం. కఠినజలం కాగినప్పుడు తెల్లని పెచ్చు కట్టి, కాచే గొట్టాల లోపలి దారిని రోజురోజుకూ ఇరుకు చేస్తుంది. అటువంటి నీటిలో సబ్బు నురగ కట్టదు సరికదా, విరిగినపాల వలె ముద్దలై నూలుకు అంటుకుంటుంది. ఆరిన తివాచీ చేతికి బిరుసుగా తగులుతుంది, దుమ్మును మరింత త్వరగా పట్టుకుంటుంది. పాశ్చాత్య దేశాలలో ఇటువంటి చోట్ల బండిలోనే నీటిని మెత్తబరచే సాధనం పెట్టుకొంటారు. మనవారు అది లేకుండా యంత్రం కొంటే, కొన్న యంత్రం ఏడాది రెండేండ్లకే మరమ్మతుకు వస్తుంది.

నీటి పరిమాణం మాత్రం భయపడవలసినంత లేదు. మీట నొక్కి ఉంచినంతసేపు నిమిషానికి నాలుగైదు లీటర్లు పోతుంది. మీట వదిలితే ఆగుతుంది. ఒక జంపఖానాను రేవులో నానబెట్టి, ఉతికి, జాడించడానికి పట్టే నీటితో పోలిస్తే ఇది తక్కువే. ఇక్కడ యంత్రానికి న్యాయం చేయవలసి ఉన్నది. వచ్చిన చిక్కు శుభ్రమైన నీటితో కాదు, మురికినీటితో. పీల్చిన నీరంతా బండిలోని తొట్టిలో చేరుతుంది. అందులో దుమ్ము, జిడ్డు, రంగు, మందులు ఉంటాయి. దానిని ఎక్కడ పారబోయవలెను? అమెరికాలో వాననీటి కాలువలోనికి ఆ నీటిని వదలడం చట్టవిరుద్ధం, మురుగుకాలువలోనే వదలవలెను. మన చిన్న పట్టణాలలో వీధిపక్క కాలువ తిన్నగా చెరువుకే పోతుంది. మహబూబునగరు నడిబొడ్డున పెద్దచెరువు ఉన్నది. నల్లగొండ పక్కన పానగల్లులో కందూరు చోడుల నాటి ఉదయసముద్రం ఉన్నది. అది నేటికీ తాగునీటి వనరు. తివాచీని తేటపరచి చెరువును మలినపరచే యంత్రం మనకెందుకు? బండికి అనుమతి ఇచ్చే పురపాలక సంఘం మొదట అడుగవలసిన ప్రశ్న, తొట్టిని రోజూ ఎక్కడ ఖాళీచేస్తావు అన్నదే.

ఇప్పుడు ఈ యంత్రం ఎవరి చేతిలో ఉండవలెను అన్న విషయానికి వస్తాను. దీనిని మందులు కలిపేవాని పని అనుకోవడం పొరపాటు. ఇది నూలును ఎరిగినవాని పని. నూలు వేరు, ఉన్ని వేరు, పట్టు వేరు. ఉన్ని, పట్టు జంతువులనుంచి వచ్చినవి. వాటికి క్షారం గిట్టదు. ఉన్నిని మరీ వేడినీటిలో నలిపితే పోగులు ఒకదానిలో ఒకటి చిక్కుకొని దట్టపు ముద్ద అవుతుంది, మళ్లీ విడదీయడం ఎవరితరమూ కాదు. పత్తికి ఆ భయం లేదు గాని, అది ముడుచుకుపోతుంది. చేనేత తివాచీలో తరచుగా పడుగు పత్తి, పైకుచ్చు ఉన్ని. అంటే ఒకే వస్తువులో రెండు స్వభావాలు.

ఈ భేదం మన రజకులకు పుస్తకం చెప్పినది కాదు, తరతరాల అనుభవం చెప్పినది. ముతక నూలుబట్టకు చౌడుమన్ను పట్టించి బానలో ఉడికించేవారు. చౌడులోని క్షారం జిడ్డును కోస్తుంది. అదే చేయి పట్టుబట్టను, ఉన్నిని చౌడు దరికి పోనీయదు. వాటికి కుంకుడుకాయ రసం, చల్లని నీరు. కుంకుడు రసంలో క్షారం లేదని రసాయనశాస్త్రం తరువాత చెప్పినది. రేవుకు ముందే తెలుసు. గద్వాల చీరను చూడండి. ఒళ్లు నూలు, అంచు, కొంగు పట్టు. అటువంటి చీరను రంగు చెడకుండా, అంచు ముడవకుండా ఉతికి ఇచ్చిన చేతికి, పత్తిపడుగుమీద ఉన్నికుచ్చు ఉన్న తివాచీ వింత వస్తువు కాదు. వారం దినాల శిక్షణతో మీట నొక్కడం ఎవరికైనా వస్తుంది. ఏ పోగుకు ఎంత వేడి అన్న ఎరుక వారంలో రాదు.

దీనికి ఇంకొక కోణం కూడా ఉన్నది, అది కొంచెం చేదైనది. నిజాం కాలపు తెలంగాణలో వెట్టిచాకిరి అమలులో ఉండేది. దొరల గడీలకు, మకాము వేసిన అధికారులకు రజకులు కూలిలేకుండా ఊడిగం చేయవలసి వచ్చేది. ఆనాడు నల్లగొండ జిల్లాలో ఉన్న జనగామ తాలూకా పాలకుర్తి గ్రామంలో, రజక కుటుంబానికి చెందిన చిట్యాల ఐలమ్మ 1940ల దశకంలో విసునూరు దేశముఖుకు ఎదురునిలిచి తన పంటను, భూమిని కాపాడుకొన్నది. వెట్టి పోయినది. కాని వృత్తికి దక్కవలసిన విలువ దానంతట అది రాలేదు. ఇళ్లలోనికి బట్టలుతికే యంత్రాలు వచ్చిన తరువాత రేవుకు వచ్చే మూటలు తగ్గినవి. ఇంటి యంత్రంలో పట్టనివి దుప్పట్లు, పరదాలు, జంపఖానాలు, తివాచీలు. అంటే రేవుకు మిగిలిన పని ఇదే. ఈ మిగిలిన పనిని కూడా నగరంనుంచి వచ్చిన సంస్థ వ్యానులో ఎత్తుకొని పోయి, రజక యువకుని గొట్టం లాగే కూలిగా పెట్టుకొంటే, వృత్తి ఎరుక వానిది, లాభం ఇతరులది అవుతుంది. నాకు అది సమ్మతం కాదు.

తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్ నుంచి దోభీఘాట్లకు, లాండ్రీ దుకాణాలకు నెలకు 250 యూనిట్లదాకా ఉచిత విద్యుత్తు ప్రకటించినది. ఇందులో ఒక సూక్ష్మం గమనించవలెను. ఉచిత విద్యుత్తు మీటరును అంటిపెట్టుకొని ఉంటుంది; అది బండివెంట తిరగదు. వ్యాను ఇంజను డీజిలును తాగుతుంది. కనుక మన రజక సహకార సంఘాలకు నేను చెప్పదలచిన పద్ధతి ఇది. పీల్చే యంత్రాన్ని, వేడినీటి పంపును రేవులోనే, సిమెంటు చపటామీద నిలపవలెను. తివాచీని ట్రాలీ ఆటోలో రేవుకు తేవలెను. దుమ్ము దులపడానికి తావు, జాడించడానికి వాలు, మురికినీరు దిగడానికి ఇసుక, కంకర నింపిన గుంట, ఆరవేయడానికి ఎత్తైన దండెము అక్కడే ఏర్పరచుకోవచ్చును. పెద్ద వ్యాను ధర లక్షలలో ఉంటుంది. కరెంటుతో నడిచే చిన్న యంత్రం దానిలో కొద్దిభాగానికే దొరుకుతుంది. పీల్పులో అది వ్యానుకు సాటిరాదు, నిజమే. కాని తివాచీని రెండువైపులా తిప్పి, నీరంతా వంపి, పక్కకు తిప్పి మళ్లీ పీల్చే సౌకర్యం రేవులో ఉన్నది. వ్యానువానికి పై ముఖం తప్ప అడుగు ముఖం కనబడనే కనబడదు. నేలకు అతికిన తివాచీలు ఉన్న సినిమాహాలునుంచో, హోటలునుంచో పిలుపు వచ్చినప్పుడు అదే చిన్న యంత్రాన్ని ఆ ఆటోలోనే ఎక్కించుకొని పోవచ్చును.

వ్యానునే కొనదలచినవారికి ఒక జాగ్రత్త. ఇంజను పొగలోని కార్బన్ మోనాక్సైడు విషవాయువు. దానికి రంగు లేదు, వాసన లేదు. బండిని కిటికీకి గాని, వాకిలికి గాని ఆనించి నిలపరాదు. గొట్టాలు పోవడానికి తలుపు తెరిచే ఉంటుంది కాబట్టి ఆ పొగకు కూడా అదే దారి అవుతుంది. పిల్లలు, ముసలివారు ఉన్న ఇంటిలో ఇది మరింత ముఖ్యం.

రంగు పరీక్ష కూడా మరువరాదు. తివాచీ మూల ఒకచోట తెల్లని తడిగుడ్డను కొంతసేపు అదిమి ఉంచి తీస్తే, గుడ్డకు రంగు అంటినదా లేదా తెలుస్తుంది. అంటితే వేడినీటి మాట తలపెట్టవద్దు. మందు వాడినచోట మంచినీటితో మరొకసారి చిమ్మి పీల్చవలెను. లేకుంటే మిగిలిన మందే జిగురై దుమ్మును పిలుస్తుంది.

ఆరబెట్టడం చివరి పని, చాలమంది చెడగొట్టే పని. పాలమూరు ఎండాకాలపు గాలి ఈ పనికి దేవుడిచ్చిన పంకా. పొద్దున శుభ్రపరచిన సన్నని జంపఖానా సాయంకాలానికి మడవవచ్చును. రంగు తివాచీని మాత్రం మిట్టయెండలో గాక నీడగాలిలో ఆరవేయవలెను. శ్రావణ భాద్రపదాలలో అదే పరపుకు రెండురోజులైనా పట్టవచ్చును. పైకి పొడిగా ఉన్నా పడుగులో తడి నిలిచి ఉంటుంది, చుట్టి అటకమీద పెడితే వారానికి బూజువాసన వేస్తుంది. ఫంక్షను హాళ్లవారు పెండ్లిళ్లు ముగిసిన వెంటనే, వానలు దిగకముందే తమ పట్టీలను రేవుకు పంపవలెను. మసీదులవారు రంజానుకు ముందు చేయించేటప్పుడు, ఆ నెల ఏటేటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది గనుక, ఏ ఋతువులో వచ్చినదో చూచుకొని ఆరడానికి తగిన గడువు పెట్టుకోవలెను. ఆరినదీ లేనిదీ చూడటానికి అరచేయి చాలదు. తివాచీని బోర్లించి, అడుగుముఖాన చెంప ఆనించి చూడవలెను. చల్లగా తగిలితే మళ్లీ దండెం ఎక్కించవలసినదే.